కాన్పు తర్వాత మళ్లీ వ్యాయామం: ట్రైనర్‌కి డబ్బు కట్టే ముందు

బిడ్డను చూడటానికి వచ్చిన చుట్టాలు పోలికలు తేల్చేశాక బాలింత పొట్ట వైపు చూస్తారు. "ఇంకా లోపలికి పోలేదేంటమ్మా, నడుముకి గుడ్డ కట్టుకోవట్లేదా?" అంటారు. ఇంట్లో అమ్మేమో మూడో నెల వచ్చేదాకా మెట్లు కూడా ఎక్కొద్దంటుంది. ఫోన్ తెరిస్తే బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే సన్నబడిపోయిన ఎవరో నటి ఫొటో కనిపిస్తుంది. ఆరో వారం చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు కుట్లు చూసి, "బాగానే ఉంది, ఇక మామూలుగా ఉండొచ్చు" అని పంపేస్తారు. మామూలుగా అంటే నడవొచ్చా, పరిగెత్తొచ్చా, బరువులు ఎత్తొచ్చా? అడిగే తీరిక ఇద్దరికీ ఉండదు. చివరికి ఈ టెన్షన్ అంతా తెలిసినవాళ్ల చేతిలో పెట్టేద్దామని చాలామంది జిమ్‌కి వెళ్లి పర్సనల్ ట్రైనర్‌ని మాట్లాడుకుంటారు.

ఆ ఆలోచన మంచిదే. సరైన ట్రైనర్ దొరికితే కొత్త తల్లికి జరిగే మేలు చాలా ఉంది. అయితే ఇక్కడ మూడు వేర్వేరు పనులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. లోపలి గాయాలు మానడం ఒకటి. పోయిన బలం తిరిగి రావడం ఇంకొకటి. బరువు తగ్గడం మూడోది. మూడింటికీ పట్టే కాలం వేరు, చేయాల్సిన పని వేరు. డబ్బు కట్టేది మాత్రం ఎక్కువగా మూడోదాని కోసమే. దాని కోసం తొందరపడి మొదటిదాన్ని చెడగొట్టుకుంటున్న తల్లులు ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఈ చిక్కు విప్పి చూడటం అవసరం.

లోపల ఏం మానుతోంది

కాన్పు అయిన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువు ఉంటుంది. ఆరు వారాలకు అది 60, 70 గ్రాములకు వస్తుంది. మాయ అంటుకుని ఉన్న చోట లోపల పుండు ఉంటుంది, అదీ మానాలి. ఆ వారాల్లో అయ్యే రక్తస్రావం రంగు మారుతూ, తగ్గుతూ పోతుంది. తగ్గిపోయిన ఎరుపు ఒకరోజు ఎక్కువ నడిచాకో, ఇల్లంతా సర్దాకో మళ్లీ కనిపిస్తే ఆ రోజు పని శరీరానికి ఎక్కువైందని అర్థం. తొలి వారాల్లో ఏ యాప్ కన్నా నమ్మదగిన కొలత ఇదే.

ఆపరేషన్ అయినవాళ్ల సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. అంటే హైదరాబాద్‌లో ఒక ట్రైనర్ దగ్గరికి వచ్చే కొత్త తల్లుల్లో సగం మందికి పైగా పొట్ట కోసి కుట్టినవాళ్లే ఉంటారని అనుకోవచ్చు. ఆ ఆపరేషన్‌లో చర్మం, కొవ్వు, దాని కింద కండరాలను కప్పి ఉంచే గట్టి పొర, కడుపు లోపలి పొర, గర్భసంచి అన్నీ వరుసగా కోస్తారు. పొట్ట కండరాలను మాత్రం సాధారణంగా కోయరు, పక్కకు జరుపుతారు. ఎక్కువ కాలం పట్టేది ఆ గట్టి పొరకే. ఆరు వారాలకు దాని బలం అసలుదాంట్లో సగానికి కాస్త పైన ఉంటుంది. ఆరేడు నెలలకు కూడా 73 నుంచి 93 శాతం మధ్యకే వస్తుంది. పైన చర్మం మీద సన్నటి గీత చక్కగా మానిపోయి కనిపిస్తుంది కాబట్టి లోపల కూడా అంతే అనుకుంటాం. ఆరో వారం చెకప్‌లో "బాగుంది" అంటే ఇన్‌ఫెక్షన్ లేదు, గర్భసంచి తగ్గింది, రక్తస్రావం ఆగింది అని. పెద్ద బరువులు ఎత్తడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

నార్మల్ డెలివరీ అయినవాళ్లు తమకేమీ కాలేదనుకుంటారు. గర్భసంచిని, మూత్రాశయాన్ని, పేగు చివరిభాగాన్ని కింద నుంచి ఆపి పట్టుకునే కండరాల పొర ఒకటుంది. ఫిజియోథెరపిస్టులు దాన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు అందులోని ఒక భాగం అసలు పొడవుకి మూడు రెట్లకు మించి సాగుతుందని 2004లో ఒక కంప్యూటర్ నమూనా అధ్యయనం లెక్కకట్టింది. చేతి కండరమో కాలి కండరమో అంత సాగితే తెగిపోతుంది. ఇంత సాగిన కండరం కోలుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కుట్లు పడినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. సిజేరియన్ అయినవాళ్లు కూడా తొమ్మిది నెలలు ఆ బరువును ఈ కండరాల మీదే మోశారు కాబట్టి వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

ఇక పొట్ట. పొట్ట మధ్యలో పైనుంచి కిందకి రెండు కండరాల పట్టీలు, వాటిని కలిపే సన్నటి గట్టి కణజాలం ఉంటాయి. బిడ్డ పెరిగేకొద్దీ ఆ కణజాలం సాగి రెండు పట్టీలూ దూరం జరుగుతాయి. జిమ్‌లో దీన్నే "గ్యాప్" అంటారు. నార్వేలో 300 మంది తొలి కాన్పు తల్లులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు వారాలకు 60 శాతం మందికి, ఆరు నెలలకు 45 శాతం మందికి, ఏడాదికి 33 శాతం మందికి ఈ ఎడం కనిపించింది. ఈ అంకెలను వరుసగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. ఆరో వారంలో గ్యాప్ ఉండటం రోగం కాదు. చాలామందిలో కాలంతోపాటు అదే తగ్గిపోతోంది. "21 రోజుల్లో గ్యాప్ మూసేస్తాం" అని ప్యాకేజీ అమ్మేవాళ్లు చాలావరకు ప్రకృతి చేసే పనికి బిల్లు వేస్తున్నారు.

ఎన్ని వేళ్ల వెడల్పు ఉందన్నదానికన్నా ఆ మధ్య భాగం ఎంత బిగువుగా ఉందన్నది ముఖ్యం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు దగ్గర వేళ్లు పెడితే తెలుస్తుంది. వేళ్ల కింద గట్టిగా తగులుతుంటే రెండు వేళ్ల ఎడం ఉన్నా దిగులు అక్కర్లేదు. మెత్తగా లోపలికి దిగిపోతుంటే, లేదా లేచేటప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పైకి పొడుచుకొస్తుంటే ఫిజియోథెరపిస్టుకి చూపించుకోవాలి. క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే వ్యాయామం) చేస్తే గ్యాప్ పెరిగిపోతుందని కొన్నేళ్లుగా అందరూ భయపెడుతూ వచ్చారు. 2023లో నార్వేలోనే జరిగిన ఒక ప్రయోగంలో, గ్యాప్ ఉన్న తల్లులతో పద్ధతి ప్రకారం ఆ తరహా వ్యాయామాలు చేయించినా ఎడం పెరగలేదు, పొట్ట కండరాల బలం మాత్రం పెరిగింది. కాబట్టి "జన్మలో క్రంచెస్ చేయకూడదు" అనేది అతి. రెండో నెలలోనే మొదటి రోజు యాభై చేయించడమూ అతే.

ఈ భాగాలన్నిటినీ కలిపేది ఊపిరి. ఛాతీ కింద ఊపిరి తీయించే కండరం డయాఫ్రమ్, చుట్టూ పొట్ట కండరాలు, అడుగున పెల్విక్ ఫ్లోర్. మధ్యలో ఉన్న ఒత్తిడి ఎప్పుడూ బలహీనంగా ఉన్న వైపుకే పోతుంది, గాలి నింపిన బెలూన్‌ని ఒకవైపు నొక్కితే ఇంకోవైపు ఉబ్బినట్టు. ఊపిరి బిగపట్టి బరువెత్తితే ఆ ఒత్తిడి సాగిన పొట్ట మధ్యకో, అలిసిన కింది కండరాలకో చేరుతుంది. అందుకే కొత్త తల్లులతో పని చేసిన అనుభవం ఉన్న ట్రైనర్ మొదటి వారాల్లో మాటిమాటికీ ఒకటే చెబుతారు: లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, వదులుతూ కింది కండరాలను మెల్లగా పైకి లాగండి. చూడటానికి ఇది వ్యాయామంలా ఉండదు. డబ్బు దండగ అనిపిస్తుంది. తర్వాత ఎత్తబోయే ప్రతి బరువుకూ ఆధారం ఇదే.

అమ్మ మాటలో సగం

పథ్యం మాటెత్తితే చదువుకున్న అమ్మాయిలు విసుక్కుంటారు. అంత విసుగు అక్కర్లేదు. పుట్టింట్లో నెలల తరబడి విశ్రాంతి, నూనె మర్దన, వండిపెట్టే మనిషి, రాత్రిపూట బిడ్డను కాసేపు ఎత్తుకునే చేతులు... కోలుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ జిమ్ ఇవ్వలేదు. అమెరికాలో ఉన్న తెలుగు అమ్మాయిలకు దీని విలువ బాగా తెలుసు. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలుండి వెళ్లిపోయిన మర్నాటి నుంచి వ్యాయామానికి ఇరవై నిమిషాలు దొరకడం కూడా గగనం అవుతుంది.

కదలకుండా మంచం మీదే ఉండటం మాత్రం మంచిది కాదు. కాన్పు తర్వాత ఆరు వారాల పాటు కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. సిజేరియన్ అయినవాళ్లను కూడా ఒక రోజు లోపే లేపి నడిపించేది అందుకే. ఇంట్లో అటూ ఇటూ నడక, పడుకుని మడమలు ఆడించడం, పొట్ట నిండా ఊపిరి తీసి వదలడం పచ్చి బాలింత కూడా చేసుకోవచ్చు. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసులు లెక్కపెట్టడం, ఆకుకూరలు మానిపించడం కూడా వదిలేయాల్సిన అలవాట్లు. పాలిచ్చే తల్లికి రెండూ కావాలి.

నడుముకి గుడ్డ కట్టడం గురించి. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో మెత్తటి బెల్టు ఆసరాగా ఉంటుంది, దగ్గినప్పుడు కుట్ల నొప్పి తగ్గుతుంది. అంతవరకు సరే. ఊపిరాడనంత బిగించి కట్టినా, ఆన్‌లైన్‌లో దొరికే బిగుతు బెల్టులు రోజంతా పెట్టుకున్నా పొట్ట కొవ్వు కరగదు. పైన బిగిస్తే ఒత్తిడి కిందకి పోతుంది, అక్కడున్నవి ముందే అలిసిన కండరాలు.

తిండి విషయంలో హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మన దేశం కోసం వేసిన లెక్కలున్నాయి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకన్నా రోజుకు 600 కిలోకేలరీలు, తర్వాత ఆరు నెలలు 520 కిలోకేలరీలు అదనంగా కావాలి. ప్రొటీన్ మొదటి ఆరు నెలలు రోజుకు 17 గ్రాములు అదనం. మన బాలింత భోజనంలో నెయ్యికీ బెల్లానికీ లోటుండదు కాబట్టి కేలరీలు సులువుగానే అందుతాయి. కొరత వచ్చేది ప్రొటీన్‌కి. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు, వేరుసెనగ పెంచుకుంటే కాయం ముద్ద మీద గొడవ పడాల్సిన పనే ఉండదు.

ఇంకో మాట. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. కాన్పులో రక్తం పోతుంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న తల్లికి రెండు సెట్లకే ఆయాసం వస్తే "మీకు స్టామినా లేదు, ఇంకా కష్టపడాలి" అంటారు జిమ్‌లో. ఆమెకు కావాల్సింది ఐరన్. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ కూడా అటూ ఇటూ అవుతుంది. విపరీతమైన నీరసం, గుండె దడ, అర్థం కాకుండా బరువు పెరగడం లేదా తగ్గిపోవడం ఉంటే రక్తపరీక్ష చేయించుకున్నాకే జిమ్ ఫీజు కట్టడం మంచిది.

ట్రైనర్ ఏం అడుగుతున్నారో వినండి

మన దేశంలో ఫిజియోథెరపీ వృత్తిని పర్యవేక్షించడానికి 2021లో వచ్చిన చట్టం కింద ఒక కమిషన్ ఉంది. పర్సనల్ ట్రైనర్‌గా పని చేయడానికి మాత్రం లైసెన్సు అవసరం లేదు. నెలరోజుల కోర్సు చేసినవాళ్లు, ఏళ్ల తరబడి చదివి అంతర్జాతీయ సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లు ఒకే టీషర్టు వేసుకుని ఒకే ఫ్లోర్ మీద నిలబడతారు. మామూలు ట్రైనర్ సర్టిఫికెట్‌లో కాన్పు తర్వాతి శరీరం గురించి ఉండేది తక్కువే, దానికి విడిగా కోర్సులున్నాయి. ఆ కోర్సు చేశారా, ఇంతకుముందు కొత్త తల్లులకు నేర్పారా అని నేరుగా అడగండి. మొహమాటం అక్కర్లేదు.

అంతకన్నా తేలికైన పరీక్ష ఒకటుంది. మొదటి రోజు వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. కాన్పు ఎప్పుడైంది, ఆపరేషనా నార్మలా, కుట్లు పడ్డాయా, రక్తం ఎక్కువ పోయిందా, గర్భంతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా, పాలిస్తున్నారా, రాత్రి ఎంతసేపు నిద్ర పడుతోంది, నడుము నొప్పి ఉందా, మనసు ఎలా ఉంది. ఇవన్నీ అడిగి రాసుకునే మనిషి మీ చేత ఏం చేయించాలో ఆలోచిస్తారు. వచ్చీరాగానే బరువు చూసే మెషీన్ ఎక్కించి, ముందూ పక్కా ఫొటోలు తీసి, "మూడు నెలల్లో పాత జీన్స్ వేయిస్తాను" అనే మనిషి అమ్మకం గురించి ఆలోచిస్తున్నారు. పాలిచ్చే తల్లికి ఫ్యాట్ బర్నర్ మాత్రలు, 1200 కేలరీల డైట్ చార్టు ఇస్తే ఆ జిమ్ నుంచి అప్పుడే వచ్చేయండి.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, మన దగ్గర అదే అసలు అడ్డంకి. దగ్గినా తుమ్మినా నవ్వినా మూత్రం చుక్క పడుతోందా? కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు ఉందా? ఇరవై అయిదేళ్ల అబ్బాయి ఈ మాట అడగలేడు, అడిగితే ఆమె చెప్పలేదు. సొంత అమ్మకే చెప్పరు మన ఆడవాళ్లు. చెప్పినా "పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదే" అనే జవాబు వస్తుంది. అందరికీ కాకపోయినా చాలామందికి ఉండేదే, నిజం. అలాగని ఓర్చుకుంటూ బతకాల్సినది కాదు. సరైన శిక్షణతో ఎక్కువమందికి తగ్గుతుంది. ఇది దాచిపెట్టి స్కిప్పింగ్, జంపింగ్ జాక్స్ చేస్తే పెరుగుతుంది. ఆడ ట్రైనర్‌ని అడగండి. లేకపోతే ముందు పెల్విక్ ఫ్లోర్ తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒకసారి వెళ్లి, "ఫలానా వ్యాయామాలు ఇప్పుడే వద్దు" అని కాగితం మీద రాయించుకుని ట్రైనర్ చేతికివ్వండి. కారణం చెప్పనక్కర్లేకుండానే పని జరుగుతుంది.

ఆ కండరాలకు వ్యాయామం చేయించవచ్చని 1948లోనే ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు రాశాడు. ఆయన పేరు మీదే వాటిని కెగెల్స్ అంటున్నాం. గ్యాస్ ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించి, పూర్తిగా వదలాలి. మెల్లమెల్లగా పది సెకన్ల బిగింపు వరకు రావాలి, పదిసార్లు చొప్పున రోజుకు మూడు విడతలు. పిరుదులు, తొడలు బిగిస్తే లాభం లేదు, ఊపిరి ఆపకూడదు, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి అలవాటు చేసుకోకూడదు. కొందరికి ఆ కండరాలు బిగిసిపోయి ఉంటాయి, వాళ్లకు కలయికలో నొప్పి ఉంటుంది. వాళ్లు నేర్చుకోవాల్సింది వదలడం. ఇది యాప్ చూసి తేల్చుకునే విషయం కాదు, అందుకే ఫిజియోథెరపిస్టుని ఒక్కసారైనా కలవమంటున్నాను.

బలం ఎలా తిరిగి వస్తుంది

కొత్త తల్లి రోజును ఒకసారి చూడండి. మూడు కిలోల బిడ్డ ఆరు నెలలకు ఏడు కిలోలవుతుంది. ఉయ్యాల్లోంచి వంగి ఎత్తడం, నేల మీద నుంచి బిడ్డతో లేవడం, ఒక చంకన బిడ్డ ఇంకో చేత బ్యాగు, గంటల కొద్దీ భుజాలు ముందుకు వంచి పాలివ్వడం. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు గానీ ఇది బరువులెత్తే పనే. అందుకే మంచి ట్రైనర్ ఈ పనుల్నే వ్యాయామాలుగా మారుస్తారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి స్క్వాట్, ఉయ్యాల మీదికి వంగే వంపునే సరిచేసి చిన్న బరువుతో డెడ్‌లిఫ్ట్, వంగిన భుజాలకు రబ్బర్ బ్యాండ్‌తో రోయింగ్, ఒక చేత్తో బరువు పట్టుకుని నిటారుగా నడక, పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జ్. పొట్ట కోసం పక్కకు తిరిగి మోకాలు, మోచేయి ఆనించి నడుము ఎత్తే సైడ్ ప్లాంక్, మోకాళ్లు, అరచేతుల మీద ఉండి ఒక వైపు చేయీ ఇంకో వైపు కాలూ మార్చి మార్చి చాచడం. బిడ్డను ఎత్తీ ఎత్తీ బొటనవేలి మొదట్లో మణికట్టు నొప్పి రావడం తల్లుల్లో మామూలే. అది ఉంటే డంబెల్ పట్టు మార్చాలి, పుషప్‌లు గోడ మీదికి పోవాలి.

ఎంత చేయాలి? 2025లో కెనడా నిపుణులు కాన్పు తర్వాతి ఏడాది కోసం ప్రత్యేకంగా ఇచ్చిన మార్గదర్శకాల్లో వారానికి కనీసం 120 నిమిషాలు, ఓ మోస్తరు నుంచి గట్టి వ్యాయామం, నాలుగు రోజులకు తగ్గకుండా అన్నారు. పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలు రోజూ చేయమన్నారు. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రోజుకు అరగంట వేగంగా నడిచినా ఆ లెక్క సరిపోతుంది. అంటే ఆరోగ్యం కోసం ట్రైనర్ తప్పనిసరి కాదు. బలం పెంచుకోవడానికి, క్రమం తప్పకుండా ఉండటానికి ట్రైనర్ సాయం కావాలి.

పరుగుకి విడి లెక్క ఉంది. 2019లో బ్రిటన్‌కి చెందిన ముగ్గురు ఫిజియోథెరపిస్టులు రాసిన మార్గదర్శకాలు మూడు నెలల లోపు పరుగు వద్దంటాయి. మూడు నెలలు దాటినా కొన్ని పరీక్షలు పెట్టుకోమంటాయి: అరగంట నడక, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, ఒంటికాలి స్క్వాట్లు పది, ఉన్నచోటే నిమిషం జాగింగ్, ఒంటికాలి గెంతులు పది. వీటిలో ఎక్కడా నొప్పి, బరువు, మూత్రం జారడం ఉండకూడదు. పది కిలోమీటర్ల పరుగులో పేరిచ్చేసి వచ్చిన తల్లితో ముందు ఈ పరీక్ష చేయించే ట్రైనర్‌కి దణ్ణం పెట్టొచ్చు.

మన హైదరాబాదీ సానియా మీర్జా కథ అందరికీ తెలుసు. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాక 26 కిలోలు తగ్గానని ఆమే చెప్పారు. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఎంతమంది తమను తాము తిట్టుకున్నారో. ఆమె టెన్నిస్ కోర్టులోకి మ్యాచ్ ఆడటానికి దిగింది మాత్రం 2020 జనవరిలో. హోబర్ట్‌లో నాదియా కిచెనొక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచి వచ్చారు. ప్రపంచ స్థాయి క్రీడాకారిణికి, ఆటే వృత్తి అయిన మనిషికి దాదాపు పదిహేను నెలలు పట్టింది. కిలోలు ముందే పోయాయి, ఆటకు సరిపడే బలం ఆ తర్వాత వచ్చింది. మూడు పనులకూ మూడు గడువులని మొదట్లో అన్నది ఇదే.

బరువు, పాలు, నిద్ర

వ్యాయామం చేస్తే పాలు తగ్గిపోతాయని, చేదవుతాయని భయపెట్టేవాళ్లుంటారు. 1994లో కాలిఫోర్నియాలో పాలిచ్చే తల్లుల చేత పన్నెండు వారాల పాటు, వారానికి ఐదు రోజులు వ్యాయామం చేయించి చూశారు. పాల పరిమాణం తగ్గలేదు, బిడ్డల ఎదుగుదలకు తేడా రాలేదు. బరువు ఎక్కువున్న తల్లులు నాలుగో వారం నుంచి పద్నాలుగో వారం దాకా వారానికి అరకిలో చొప్పున తగ్గినా బిడ్డలు బాగానే పెరిగారని 2000లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అంటే వారానికి అరకిలో భద్రమైన వేగం. నెలకు ఆరు కిలోలు తగ్గిస్తామనే ప్యాకేజీ ఆ వేగానికి మూడింతలు. సెషన్‌కి ముందు బిడ్డకు పాలిచ్చి వెళ్తే రొమ్ముల బరువు, బిగువు తగ్గి హాయిగా ఉంటుంది. సరైన కొలత స్పోర్ట్స్ బ్రా, పక్కన నీళ్ల సీసా ఉంటే చాలు.

నిద్ర గురించి ట్రైనర్లు తగినంత పట్టించుకోరు. రాత్రంతా గంటకోసారి లేచిన మనిషి చేత ముందు అనుకున్న బరువులే ఎత్తిస్తే దెబ్బ తగలొచ్చు, కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. అలాంటి రోజు సెషన్ సగానికి తగ్గాలి, లేదా నడకగా మారాలి. రద్దయిన సెషన్ డబ్బు పోతుందా, వాయిదా వేసుకోవచ్చా అని ప్యాకేజీ తీసుకునే ముందే అడగండి. బిడ్డకు టీకా వేయించిన రోజు జ్వరం వస్తుంది, పళ్లొచ్చే రోజుల్లో నిద్ర ఉండదు, ఇవన్నీ తప్పవు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు కాబట్టి ఉద్యోగం చేసేవాళ్లు సరిగ్గా బలం పుంజుకునే సమయానికి ఆఫీసు మొదలవుతుంది. పెద్ద ప్యాకేజీ ఆ నెలలోనే కట్టేసి సగం సెషన్లు వదులుకునేవాళ్లు చాలామంది. ఆఫీసు మొదలైన తొలి రెండు నెలలు వారానికి రెండు సెషన్లకన్నా ఎక్కువ పెట్టుకోకపోవడమే మేలు.

వ్యాయామం మనసుకు మంచిదే, దిగులు తగ్గిస్తుంది. కానీ రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, బతకాలనిపించకపోతే దాన్ని జిమ్‌కి వదిలేయొద్దు. అది డాక్టరుకి చెప్పాల్సిన జబ్బు, మందు ఉంది, తగ్గుతుంది. అలాగే ఒక కాలి పిక్కలో నొప్పి, వాపు, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, తగ్గని తలనొప్పితో చూపు మసకబారడం, జ్వరం, కుట్ల దగ్గర చీము, మళ్లీ ఎక్కువగా రక్తం, ఇందులో ఏది కనిపించినా వ్యాయామం ఆపేసి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

పర్సనల్ ట్రైనింగ్ అందరికీ అందే ఖర్చు కాదు. ఫ్రాన్స్‌లో కాన్పు తర్వాత పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ సెషన్ల ఖర్చును అక్కడి సామాజిక భద్రతా వ్యవస్థే భరిస్తుంది. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి చేతిలో ఉన్న డబ్బును వరసలో పెట్టుకోవాలి. మొదటిది రక్తపరీక్ష. రెండోది ఫిజియోథెరపిస్టుతో ఒకటో రెండో సిట్టింగులు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలుంటాయి, గైనిక్ ఓపీలో చీటీ రాయించుకుంటే అక్కడికి పంపుతారు. ఆ తర్వాత ట్రైనర్. నెలకు పన్నెండు సెషన్ల ప్యాకేజీ మోయలేకపోతే నెలకు రెండు సెషన్లే ఇస్తారా అని అడగండి. ఒక సెషన్‌లో నాలుగైదు కదలికలు సరిగ్గా నేర్పించి, ఇంట్లో చేసుకోవడానికి రాసిచ్చి, రెండు వారాల తర్వాత తప్పులు దిద్ది బరువు పెంచితే చాలు. ఒక రబ్బర్ బ్యాండ్, రెండు డంబెల్స్, లేదంటే బియ్యం నింపిన సంచి ఉంటే మిగిలిన రోజులు ఇంట్లోనే గడిచిపోతాయి. ఇలా విడి సెషన్లకు ఒప్పుకునే ట్రైనర్లు జిమ్‌ల కన్నా సొంతంగా పని చేసేవాళ్లలో ఎక్కువ దొరుకుతారు, ఆన్‌లైన్‌లో వీడియో చూసి దిద్దేవాళ్లూ ఉన్నారు. అయితే పొట్ట పరీక్ష, మొదటి డెడ్‌లిఫ్ట్ మాత్రం ఎదురుగా నిలబడి చూసే మనిషి దగ్గరే నేర్చుకోండి.